రాళ్ల కొండెక్కిన మోటారు

చక్రాల చరిత్ర – 11వ భాగం

గత వారం మనం డెట్రాయిట్‌లో ఉన్నాం. హెన్రీ ఫోర్డు 1908 అక్టోబరు 1న మోడల్ టి కారును బజారులోకి తేవడం, 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టి కారు ధరను నేలకు దించడం, 1927లో ఆ నమూనాకు సెలవు చెప్పేనాటికి కోటిన్నర కార్లు తయారు కావడం చూశాం. ఈ వారం బండి మన వైపు తిరుగుతోంది. గోల్కొండ కోటకు కూతవేటు దూరంలో ఉన్న షేక్‌పేట, ఆ షేక్‌పేట భూముల్లోనే లేచిన ఫిల్మ్‌నగర్, దాన్ని ఆనుకున్న జూబ్లీహిల్స్ ఈ భాగానికి రంగస్థలం.

ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నామంటే, చాలా ఊళ్లు కారు పుట్టకముందే ఉన్నాయి. కారు వచ్చాక అవి గోడలు కొట్టి, అరుగులు తీసేసి వీధులు వెడల్పు చేసుకున్నాయి. చార్మినార్ చుట్టుపక్కలా అంతే, విజయవాడ వన్‌టౌన్‌లోనూ అంతే. జూబ్లీహిల్స్‌కు అలాంటి పాత వీధులు లేవు. ఏనుగంత బండలు, తుప్పలు, సీతాఫలం చెట్లు, చుక్క నీరు నిలవని వాలు, అంతే. నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకునే బజారు లేదు, జట్కా ఎక్కగల దారి లేదు. కారు ఉన్నవాడే అక్కడ కాపురం పెట్టగలిగాడు. అందుకే హైదరాబాదు మోటారు చరిత్రలో ఈ కొండల కథ కోటల కథకన్నా ఎక్కువ చెబుతుంది.

సరాయి మూసిన ఇంజను

కొండ ఎక్కేముందు కింద షేక్‌పేటలో ఓసారి ఆగాలి. అక్కడ కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. రెండంతస్తుల రాతి కట్టడం. బాటసారులకు, వర్తకులకు గదులు, వాళ్ల గుర్రాలకు, ఒంటెలకు సాళ్లు, పక్కనే మసీదు. గోల్కొండ వజ్రాల వ్యాపారం దేశదేశాల్లో మారుమోగిన రోజుల్లో కోట తలుపులు మూసే వేళకు చేరలేకపోయిన బిడారులకు ఇలాంటి సరాయిలే దిక్కు.

సరాయి ఎక్కడ ఉండాలో నిర్ణయించేది రాజు కాదు, ఎద్దు. బరువు వేసిన ఎద్దుబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. పొద్దున కట్టిన బండి చీకటి పడేలోగా ఎంత దూరం పోగలదో అంత దూరానికి ఒక మజిలీ. నీళ్లు, మేత, కాపలా దొరికే చోటు. వెయ్యేళ్లపాటు మన రహదారుల లెక్క ఇదే.

ఇంజను ఆ లెక్కను చెరిపేసింది. 1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండి శక్తి ఒక గుర్రపు శక్తికి కూడా చేరలేదు. అయినా రెండేళ్ల తర్వాత, 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకు పైగా ఒక్క రోజులో వెళ్లిపోయింది. దారిలో ఆమెకు కావలసింది మేత కాదు, ఇంధనం. వీస్లోహ్ అనే ఊరిలో మందుల దుకాణంలో లిగ్రోయిన్ సీసాలు కొని ట్యాంకులో పోసుకుంది. అప్పటినుంచి దారి పక్కన గడ్డివాముకు ఉన్న విలువ పెట్రోలు పీపాకు మారింది. షేక్‌పేట సరాయి ముందు నుంచి పోయే దారి మాత్రం అలాగే ఉంది. టోలీచౌకీ, షేక్‌పేట, రాయదుర్గం మీదుగా పోయే ఆ రోడ్డునే మనం పాత బొంబాయి రహదారి అంటాం. బిడారులు పోయి లారీలు వచ్చాయి, లారీల వెనక సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు వచ్చాయి. సరాయిలో మజిలీ చేసేవాళ్లు మాత్రం లేరు.

సింహాసనం మోసిన కారు

దక్కనుకు కారు రాజుగారి బండిగా వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ కంపెనీకి ఒక సిల్వర్ ఘోస్ట్ ఆర్డరు ఇచ్చారు. బండి చేతికి రాకముందే 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. అది వచ్చి చేరింది కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో. ఆసఫ్‌జాహీల జెండా రంగు పసుపు, బాడీ కూడా పసుపే. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తు చేసి అమర్చిన గద్దె. బెంజ్ బండికి ఒకే సిలిండరు. దీనికి ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజను. పాతికేళ్లలో యంత్రం ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి ఈ రెండు బళ్లను పక్కపక్కన పెడితే చాలు.

విచిత్రం ఏమిటంటే అంత శక్తి ఉన్న బండి తిరిగింది చాలా తక్కువ. ఏనుగు అంబారీ చేసే పనినే ఆ కారు చేసింది: దొరను జనం కళ్లకు ఎత్తున చూపించడం. ఊరేగింపులకు తీసేవారు, మళ్లీ లోపల పెట్టేవారు. మరమ్మతు చేసి మెరుగుపెట్టిన ఆ బండిని ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఎవరైనా చూడవచ్చు.

మద్రాసులో కథ వేరుగా నడిచింది. అక్కడ తొలి కార్ల యజమానుల్లో ఒకడు మన తెలుగు కోమటి, తాటికొండ నంబెరుమాళ్లు శెట్టి. మద్రాసు హైకోర్టు భవనాన్ని కట్టిన గుత్తేదారు. దక్షిణాదిన సొంత కారు కొన్న మొదటి భారతీయుడు ఆయనేనని చెబుతారు. ఫ్రాన్సులో తయారైన డి డియోన్ బండి, ఎం.సి. 3 నంబరు. అంటే ఇసుక, సున్నం, రాయి ఎప్పుడు ఎక్కడికి చేరాలో లెక్క తెలిసిన మనిషికి కారు అవసరం తోచింది. హైదరాబాదులో అది దర్బారు వస్తువు, మద్రాసులో వ్యాపారి సాధనం. ఈ రెండు దారులు ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఫిల్మ్‌నగర్‌లో కలుస్తాయి. ఆ సంగతికి వద్దాం.

వరద తెచ్చిన ఇంజనీరు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సరిగ్గా మూడు రోజుల తర్వాత అమెరికాలో మోడల్ టి బజారుకు వచ్చింది. ఈ రెండింటికీ పొంతన లేదు గానీ, ఈ నగరం కార్లకు దారి ఇవ్వడం మొదలైంది ఆ వరద తర్వాతే. మళ్లీ వరద రాకుండా పథకం వేయమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చెప్పిన జలాశయాలే 1920లో ఉస్మాన్‌సాగర్‌గా, 1927లో హిమాయత్‌సాగర్‌గా తయారయ్యాయి. 1912లో పుట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తెరిచి, పత్తర్‌గట్టీ లాంటి విశాలమైన బజారు వీధులు వేసింది. గాలి, వెలుతురు ఆడాలని వేసిన ఆ వీధులు మోటార్లకూ పనికొచ్చాయి.

విశ్వేశ్వరయ్యకు కారుతో ఉన్న బంధం అంతటితో తెగలేదు. 1930ల మధ్యలో, డెబ్బయి అయిదేళ్ల వయసు వచ్చాక, ఆయన యూరపు, అమెరికా వెళ్లి కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చారు. మన దేశంలోనే కారు తయారు కావాలని పథకం రాశారు. వాల్‌చంద్ హీరాచంద్ దాన్ని అందుకున్నారు, క్రైస్లర్ కంపెనీతో మాట్లాడారు. తెల్లదొరల ప్రభుత్వం సహకరించలేదు. చివరికి 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పుట్టింది. అంతకు రెండేళ్ల ముందు బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ మొదలైంది. మూసీకి ఆనకట్టలు సూచించిన మనిషే మన దేశంలో కారు తయారీకి మొదటి కాగితాలు సిద్ధం చేశాడన్నది హైదరాబాదు వాళ్లు కూడా పెద్దగా తలుచుకోని విషయం.

టికెట్టు కొన్న ప్రజ

కారు దర్బారులో ఉండగానే ఇంజను జనంలోకి దిగింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన కింద రోడ్డు రవాణా శాఖను తెరిచింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు స్కాట్లండులో తయారైన ఆల్బియన్‌లు. రైలు, బస్సు ఒకే శాఖ చేతిలో ఉండడం వల్ల లాభం ఏమిటంటే రైలు దిగినవాడికి బస్సు ఆ వేళకే దొరికేది. రెండూ పోటీ పడి నష్టపోయే గొడవ లేదు. ఆ కాలానికి దేశంలో అది అరుదైన ఏర్పాటు.

1942లో సనత్‌నగర్ వైపు హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ మొదలైంది. మన పెద్దవాళ్లకు ఆల్విన్ అంటే ఫ్రిజ్జు, తర్వాత చేతి గడియారం గుర్తొస్తాయి. అసలు ఆ కంపెనీకి పేరు తెచ్చిన పనుల్లో బస్సు బాడీ కట్టడం ఒకటి. ఛాసిస్ బయటినుంచి వచ్చేది. దాని మీద ఫ్రేము నిలబెట్టడం, రేకు తాపడం, రివిట్లు కొట్టడం, సీట్లు బిగించడం ఇక్కడ జరిగేది. 1980ల్లో ఆల్విన్ జపాను కంపెనీ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో తేలికపాటి ట్రక్కులు తయారు చేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది, నేటికీ నడుస్తోంది.

రాష్ట్రం మారింది, శాఖ పేరు మారింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆర్టీసీ బస్సు నంబర్లలో కనబడే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత జరిగినా కొండల మీదికి బస్సు వెంటనే ఎక్కలేదు. ఎక్కడానికి అక్కడ ప్రయాణికులే లేరు.

కొండ మీద మోటారుఖానా

1930ల్లో నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ నగరానికి పడమర ఉన్న బండల మీద ఇల్లు కట్టుకున్నప్పుడు చూసినవాళ్లు ముక్కున వేలేసుకుని ఉంటారు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడే బస చేశారు. కొండ మీద అతిథులు, విందులు, కవిత్వం. ఇవన్నీ సాధ్యం కావాలంటే కింద నుంచి మనుషుల్ని, సరుకుల్ని పైకి చేర్చే మోటారు ఉండాలి. అలా మొదలైంది బంజారాహిల్స్.

ఇంకాస్త పడమరకు జరిగితే చిరాన్ ప్యాలెస్. నిజాం కుటుంబానికి చెందిన వందల ఎకరాల చెట్ల మధ్య కట్టిన భవనాలు. ఇప్పుడు పొద్దున్నే జనం నడకకు వెళ్లే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం అదే. లోపలి కట్టడాల జాబితా చదివితే ఒక కాలం మొత్తం కళ్లకు కడుతుంది: గోల్ బంగ్లా, గుర్రాల సాళ్లు, ఏనుగుల సాళ్లు, వాటితోపాటే మోటారుఖానా, బళ్ల మరమ్మతు షెడ్డు, సొంత పెట్రోలు బంకు. ఊరికి దూరంగా కొండ మీద ఉన్నప్పుడు పెట్రోలు బంకు కూడా ఇంటి ఆవరణలోనే ఉండక తప్పదు మరి.

ఆ మోటారుఖానాకు తగిన మనిషే దాని యజమాని అయ్యాడు. ఏడో నిజాం 1967లో చనిపోయాక వారసుడైన మనుమడు ముకర్రం జా మోజు దర్బారు మీద కన్నా ఇంజన్ల మీదే ఎక్కువ. తాతగారి గ్యారేజీలో కార్లు బోలెడున్నా కదిలేవి కొన్నేనని, వాటిని విప్పి బిగించడం ఆయనకు ఇష్టమైన పని అని ఆయన జీవిత చరిత్రలు రాసినవారు చెబుతారు. 1970ల్లో ఆయన ఆస్ట్రేలియా వెళ్లి పెద్ద గొర్రెల పెంపకం క్షేత్రం కొన్నారు. అక్కడా బుల్‌డోజర్లు నడుపుతూనే గడిపారు. తాత కారులో గద్దె మీద కూర్చుంటే, మనుమడు కారు కింద పడుకుని నట్లు బిగించాడు. ఒకే ఇంట్లో రెండు తరాల మధ్య మోటారు అర్థం అంతగా మారిపోయింది.

1960ల్లో జూబ్లీహిల్స్ సహకార గృహ నిర్మాణ సంఘం ఏర్పడింది. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన చల్లగళ్ల నరసింహం దానికి మూలపురుషుడు. బండల మధ్య ప్లాట్లు వేస్తుంటే కొనేవాళ్లకు ధైర్యం చాలలేదు. నీళ్లు ఎలా, పిల్లల బడి ఎక్కడ, రాత్రి ఎవరు వస్తారు? రోడ్లకు పేర్లు పెట్టేంత చరిత్ర లేక నంబర్లు పెట్టారు. ఆ రోడ్లు వంపులు తిరిగి ఉండడానికి కారణం కొండ వాలు. నిట్టనిలువుగా వేస్తే మొదటి గేరులో కూడా ఇంజను మొరాయిస్తుంది. బండలను చుట్టుకుంటూ వేస్తే దూరం పెరిగినా బండి ఎక్కుతుంది. నడిచేవాడికి ఆ వంపు శిక్ష. అయినా ఆ పటం గీసినప్పుడు నడిచేవాడు లెక్కలో లేడు.

కంపెనీ కారు

తెలుగు సినిమా మద్రాసులో పెరిగిన రోజుల్లో నిర్మాణ సంస్థకు కెమెరా తర్వాత ముఖ్యమైన సొత్తు కంపెనీ కారు. కెమెరా అద్దెకు దొరుకుతుంది. తెల్లవారుజామున మేకప్ వేళకు నటుణ్ని ఇంటి నుంచి స్టూడియోకు చేర్చాల్సింది కారే. కాల్షీటు మొదలయ్యేది గడియారంతో కాదు, ఆ కారు గేటు దాటడంతో. స్వాతంత్ర్యం వచ్చాక ఎంపిక కూడా పెద్దగా లేదు. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడరు, ప్రీమియర్ వాళ్ల ఫియెట్, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. లైసెన్సుల రాజ్యంలో డబ్బు కట్టి ఏళ్లకు ఏళ్లు ఎదురుచూడాలి.

వాటిలో సినిమావాళ్లు అంబాసిడరునే ఎక్కువగా నమ్ముకున్నారు. 1957లో వచ్చి 2014 దాకా బతికిన ఆ బండికి అందం, వేగం అంతంతమాత్రం. కానీ వెనక సీటులో నలుగురు సర్దుకోవచ్చు. డిక్కీలో ట్రంకు పెట్టెలు పడతాయి. కమాను పట్టీలు పల్లెటూరి గతుకుల్ని తట్టుకుంటాయి. ఎక్కడ ఆగినా, ఏ ఊరి మెకానిక్ అయినా బానెట్ ఎత్తి సాయంత్రానికి నడిపిస్తాడు. గోదావరి లంకల్లో అవుట్‌డోర్ పెట్టుకున్న నిర్మాతకు ఇంతకన్నా ఏం కావాలి?

అక్కినేని నాగేశ్వరరావు 1960ల్లోనే హైదరాబాదులో స్థిరపడ్డారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచినప్పుడు చుట్టూ బండలే. ఆ తర్వాత షేక్‌పేట వైపు కృష్ణ పద్మాలయా స్టూడియో, 1980ల చివర్లో రామానాయుడు స్టూడియో లేచాయి. ప్రభుత్వం ఇచ్చిన భూముల్లో సినిమావాళ్ల సహకార సంఘం ఇళ్లు కట్టుకుంది, అదే ఫిల్మ్‌నగర్. మద్రాసు వ్యాపారి బండి, హైదరాబాదు దర్బారు బండి కలిశాయని చెప్పింది ఇక్కడే. పగలంతా సామాను, మనుషుల్ని మోసే పనిముట్టు, సాయంత్రం ఫంక్షనుకు వెళ్లేటప్పుడు హోదా చూపే అంబారీ. సినిమావాడి కారు ఈ రెండు పనులూ చేసింది.

స్టూడియోలు కొండ మీద, పనివాళ్లు కొండ కింద. కృష్ణానగర్, యూసఫ్‌గూడ ఇరుకు గదుల్లో లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, అసిస్టెంట్ డైరెక్టర్లు, డ్రైవర్లు. తెల్లవారకముందే కృష్ణానగర్ కూడలిలో యూనిట్ బస్సులు వరుస కడతాయి. జనరేటర్ వ్యాను, కెమెరా వ్యాను, ప్రొడక్షన్ వ్యాను, ఈ మధ్య కారవాన్లు. సినిమా కార్మికుల ఫెడరేషన్‌లోని సంఘాల్లో డ్రైవర్లదీ ఒకటి. వెండితెర కాంతి చూసినవాళ్లకు తెలియదు గానీ, డీజిల్ లేకుండా ఇక్కడ ఒక్క లైటు కూడా వెలగదు.

తెర మీద పరుగు

ఇక కెమెరా ముందు కారు. పాత సినిమాల్లో హీరో స్టీరింగు కుడికీ ఎడమకీ తెగ తిప్పుతుంటాడు, వెనక అద్దంలో రోడ్డు మాత్రం సూటిగా పోతుంటుంది. దాని వెనక ఉన్నది బ్యాక్ ప్రొజెక్షన్. ముందే తీసిన రోడ్డు దృశ్యాన్ని తెర మీద వెనక నుంచి వేస్తారు. ఆ తెర ముందు కారునో, కోసిన కారు సగాన్నో నిలబెడతారు. కింద దుంగ దూర్చి ఇద్దరు మనుషులు ఊపుతుంటారు. కెమెరా షట్టరు, ప్రొజెక్టరు షట్టరు ఒకే లయలో తెరుచుకోవాలి, లేదంటే వెనక రోడ్డు మినుకుమంటుంది. అప్పటి కెమెరాలు బరువైనవి, కదిలే బండిలో మాటలు రికార్డు చేయడం కుదరదు. అందుకే రోడ్డునే ఫ్లోరు మీదికి తెచ్చుకున్నారు.

కథల్లో మాత్రం కారు నడిపేవాడికి మొదటినుంచీ గౌరవం ఉంది. ఎన్.టి.రామారావు 1961లో టాక్సీ రాముడు, 1979లో డ్రైవర్ రాముడు. బాలకృష్ణ 1990లో లారీ డ్రైవర్. చిరంజీవి, నాగార్జున ఆటో నడిపారు. కారు కొనలేని ప్రేక్షకుడు డ్రైవరులో తనను చూసుకున్నాడు. సొంతదారు ఎవరైనా బండి మాట వినేది నడిపేవాడి చేతినే.

తెలుగు తెర మీద చెప్పుకోదగ్గ ఛేజుల్లో ముందుగా గుర్తొచ్చేది కారుది కాదు. 1989లో అన్నపూర్ణ వాళ్లు తీసిన ‘శివ’లో హీరో పాపను సైకిల్ మీద ఎక్కించుకుని పారిపోతుంటే రౌడీలు కార్లలో తరుముతారు. రామ్‌గోపాల్ వర్మ స్టెడీక్యామ్ వాడి కెమెరాను వీధుల్లో పరిగెత్తించారు. కారుకున్న బలం సందులో పనికిరాదు, సైకిల్‌కున్న సన్నదనం పనికొస్తుంది. ప్రేక్షకుడికి తన ఊరి ఇరుకు వీధే ఆయుధంగా కనిపించింది.

పదేళ్లు తిరిగేసరికి సుమోల కాలం వచ్చింది. టాటా కంపెనీ 1994లో తెచ్చిన సుమోలో పది మంది పడతారు. నేలకు ఎత్తుగా ఉంటుంది, గట్టి ఛాసిస్ మీద నిలుస్తుంది, రాయలసీమ మట్టి దారుల్లో పోతుంది. ఊరి పెద్దలు, గుత్తేదారులు, నాయకుల అనుచరులు దాన్నే కొన్నారు. ‘సమరసింహారెడ్డి’, ‘ఆది’ లాంటి ఫ్యాక్షన్ సినిమాలు దాన్ని వరసలు వరసలుగా నడిపించి, చివరికి గాల్లోకి లేపాయి. ఆ లేపడంలో పెద్ద ఇంద్రజాలం లేదు. బండి కింద లావాటి ఉక్కు గొట్టం అమరుస్తారు. అందులోంచి దిమ్మెను గ్యాసు ఒత్తిడితోనో మందుతోనో నేలకేసి కొడితే, నేల తిరగగొట్టిన బలానికి బండి పల్టీ కొడుతుంది. ఎక్కడ కొట్టాలో, ఎంత బరువు ఏ వైపు ఉండాలో ఫైట్ మాస్టరు లెక్క. సుమో తయారీ 2019లో ఆగింది. జనం మాటల్లో అది ఇంకా లేస్తూనే ఉంది.

రథం ఎక్కిన షెవ్రొలే

సినిమా, రాజకీయం, మోటారు మూడూ ఒకే బండిలో కలిసిన సందర్భం ఒకటుంది. 1982 మార్చి 29న ఎన్.టి.ఆర్. తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. తర్వాత పాత షెవ్రొలే వ్యాను ఒకదాన్ని ప్రచార బండిగా మార్చారు. పైకి ఎక్కి మాట్లాడే ఏర్పాటు, మైకులు, రాత్రికి లైట్లు, లోపల పడుకునే చోటు. దానికి చైతన్య రథం అని పేరు. స్టీరింగు కొడుకు హరికృష్ణ చేతిలో. ఖాకీ బట్టల్లో ఎన్.టి.ఆర్. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం, అర్ధరాత్రి కూడా కూడళ్లలో జనం.

అంతకుముందు నాయకుడు సభకు వచ్చేవాడు, జనం మైదానానికి వెళ్లేవారు. ఇక్కడ వేదికే చక్రాల మీద ఊరి నడిబొడ్డుకు వచ్చి ఆగింది. అవుట్‌డోర్ షూటింగులో బండిని ఇల్లుగా, వేదికగా, లైటింగ్ యూనిట్‌గా వాడడం తెలిసిన మనిషికే ఆ ఆలోచన తట్టింది. షెవ్రొలే పైన నిలబడి ఆయన ఓటు అడిగిన గుర్తు సైకిల్. తొమ్మిది నెలలు తిరగగానే, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ తర్వాత దేశంలో ప్రతి పార్టీకీ ఒక రథం తయారైంది. వేల కిలోమీటర్లు ఆ రథాన్ని నడిపిన హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో తన కారు తానే నడుపుతూ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మోటారు చరిత్ర రాసేవాడు ఈ పక్కను దాటవేయకూడదు. బండి ఎంత గొప్పదైనా, చేయి ఎంత తిరిగినదైనా, హైవే మీద ఒక్క క్షణానికి అదంతా అక్కరకు రాదు.

కొండ దిగలేని బండి

1983 డిసెంబరులో మారుతి 800 రావడం, 1991 తర్వాత విదేశీ కంపెనీలకు తలుపులు తెరవడం, బ్యాంకులు నెలవారీ కిస్తీల మీద కారు అప్పులివ్వడం వరుసగా జరిగాయి. ఒక్క కారు ఉన్న ఇంట్లో మనిషికో కారు చేరింది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీలు రావడంతో ఒకప్పుడు ఊరి చివరి కొండ రెండు నగరాల మధ్య అడ్డదారి అయిపోయింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం పూట ఇంజన్లు తిరిగినంతసేపు చక్రాలు తిరగవు.

ప్రభుత్వం వంతెనలు కట్టింది. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. దానికి జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డు నుంచి ఎత్తు మార్గం కలిసింది. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవరు మొదలైంది, పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. సరాయి ఉన్న ఊరికి మజిలీ అక్కర్లేదని ఆ వంతెన చెబుతున్నట్టే ఉంటుంది. పైనుంచి పోయే కారుకు కింద షేక్‌పేట కనబడనే కనబడదు. ఇంకోవైపు 2019లో చెక్‌పోస్టు దగ్గర మెట్రో స్టేషను తెరిచారు. కారు లేకుండా కొండ ఎక్కే దారి ఒకటి అలా వచ్చింది. ఊరు వెలిసిన యాభై ఏళ్లకు పైగా గడిచాక.

ఇక్కడే ఒక మాట తేల్చి చెప్పాలి. ఫ్లైఓవర్లు చాలడం లేదని విసుక్కునేవాళ్లు జూబ్లీహిల్స్ మొదటి పటాన్ని మరిచిపోతున్నారు. ఇంటికో కారు ఉంటుందని అనుకుని వేసిన ఊరు అది. బజారు, బడి, పని, ఏదీ నడక దూరంలో ఉండేలా గీయలేదు. ఆ ఇళ్లలో వంట చేసేవాళ్లు, తోట చూసేవాళ్లు, స్టూడియోల్లో లైట్లు మోసేవాళ్లు ఎలా వస్తారన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు. అలా పుట్టిన ఊరిలో ట్రాఫిక్ జామ్ ప్రమాదవశాత్తు రాలేదు, పటంతోపాటే వచ్చింది. 1932లో రైలు దిగినవాడికి బస్సు చూపించిన నగరమే, 1960ల్లో కొండ మీద ప్లాట్లు వేసినప్పుడు బస్సును మరిచింది. ఇవాళ కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న ఆకాశహర్మ్యాల దగ్గర కూడా గేటు లోపల కారు పార్కింగుకే ముందు చోటు. గేటు బయట బస్సు ఎక్కడ ఆగాలన్నది ఇప్పుడే నిర్ణయించుకోకపోతే ఇంకో యాభై ఏళ్లకు మరో ఫ్లైఓవరు గురించి రాయాల్సి వస్తుంది.

వచ్చే వారం: 1899లోనే గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటిన బండి పెట్రోలుది కాదు, విద్యుత్తుది. ఆ పోటీలో ముందున్న ఎలక్ట్రిక్ కారు ఎందుకు వెనకబడింది, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసులో మళ్లీ ఎలా పరుగెత్తింది, తిరుపతి దగ్గర అమరరాజా బ్యాటరీలకు, అనంతపురం సీమలో కియా కార్లకు దారి ఎలా పడింది – పన్నెండో భాగంలో.